ఒక్క కాగితం పుస్తకం

(ఆకాశవాణి మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పోయిన ఎండాకాలంలో ఒక మధ్యాహ్నంపూట మా ఇంటికి ఓ కుర్రవాడు ఫారాలు పట్టుకుని వచ్చాడు. ఏదో సర్వే అట. ఎండన పడి వచ్చాడు కదా అని మజ్జిగ ఇస్తే మొహమాటపడుతూ తాగి, ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఇంట్లో ఎంతమంది, గ్యాసు ఉందా, కుళాయి ఉందా అని. "ఉంది బాబూ" అన్నాను. టిక్కు పెట్టుకున్నాడు. "ఉందిగానీ, నీళ్ళు రావడం మాత్రం తెల్లవారుజామున మూడింటికి..." అని నేను ఎత్తుకునేసరికి, "దానికి కాలమ్ లేదండీ" అన్నాడు. నాకది "కాలం లేదండీ" అన్నట్టు వినిపించి, పాపం తొందరలో ఉన్నాడు కాబోలని ఊరుకున్నాను. తర్వాత అర్థమైంది, నీళ్ళొచ్చే వేళ రాసుకోవడానికి ఆ ఫారంలో గడి లేదని.

చివర్లో "మీరేం చేస్తుంటారు?" అన్నాడు. "ఇంట్లోనే ఉంటాను" అనగానే రాసేసుకున్నాడు. అప్పుడప్పుడు రేడియోలో మాట్లాడతానని చెప్పేలోపలే సంతకం పెట్టమని ఫారం ముందుకు తోశాడు.

ఆ పిల్లవాడి తప్పేమీ లేదు లెండి. ప్రశ్నలు అతను తయారుచేసినవి కావు. సర్వేలంటే నాకు చులకన కూడా లేదు. ఆడవాళ్ళు ఇంటిపనికి రోజుకు ఎంతసేపు వెచ్చిస్తారో మన ప్రభుత్వంవారే 2019లో దేశమంతటా లెక్క తీశారు. ఇంటిపని చేసే ఆడవాళ్ళకు సగటున రోజుకు 299 నిమిషాలు పడుతోందట, మగవాళ్ళకు 97. మళ్ళీ 2024లో లెక్క తీస్తే మనకు 289, వాళ్ళకు 88. మనకు పది నిమిషాలు తగ్గాయి, సంతోషం. వాళ్ళకూ తొమ్మిది తగ్గాయి. మరి ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారో! ఇలాంటి లెక్కలు లేకపోతే మన మాట ఎవరు నమ్ముతారు? అయితే ఆ సర్వేలో తెల్లవారుజాము 4 గంటల నుంచి మర్నాడు 4 గంటల దాకా రోజును అరగంట ముక్కలుగా కోసి, ఏ ముక్కలో ఏం చేశారని అడుగుతారు. కళ్ళు మూసుకుని, ఒక చెవి కుళాయి మీద వేసి పడుకునే అరగంటను నిద్రలో వెయ్యాలా, పనిలో వెయ్యాలా?

ఈ మాటే ఆ సాయంత్రం మా తోడికోడలి కూతురితో అన్నాను. ఆ పిల్ల సోషల్ వర్క్ చదువుతోంది. సెలవులకు మా ఇంటికి వచ్చింది. నేను చెప్పిందంతా విని, లేచి వెళ్ళి ఓ తెల్లకాగితం తెచ్చి, నాలుగు మడతలు పెట్టి, ఒకచోట కత్తెర వేసి, చిన్న పుస్తకం చేసి నా చేతిలో పెట్టింది. "వాళ్ళ ఫారంలో గడి లేకపోతే నీ పుస్తకం నువ్వే రాసుకో పిన్నీ. దీన్ని జీన్ అంటారు" అంది. పంట్లాం జీన్సు కాదు. ఇంగ్లీషువాళ్ళు మ్యాగజీన్ అని పలికే మాటలో చివరి ముక్క. మనం మ్యాగజైన్ అంటాం గనక, నేనైతే జైనుల పుస్తకమా అని అడిగాను కూడా. పిల్ల పడీ పడీ నవ్వింది.

దీని పుట్టుక అమెరికాలో. 1930లో చికాగోలో సైన్సు కథలంటే పడిచచ్చే కుర్రాళ్ళు కొందరు తమలో తాము చదువుకోవడానికి 'ది కామెట్' అనే చిన్న పత్రిక వేసుకున్నారు. అభిమానులు వేసుకునే ఇలాంటి పత్రికలకు 1940లో రస్ షావెనే అనే ఆయన ఫ్యాన్‌జీన్ అని పేరు పెట్టాడు. తర్వాత ముందు ముక్క రాలిపోయి జీన్ మిగిలింది. జిరాక్సు మిషన్లు వీధివీధికీ వచ్చాక దీనికి రెక్కలొచ్చాయి. 1991 ప్రాంతాల ఆ దేశంలో ఆడపిల్లలు కొందరు పాటల బృందాలు కట్టి, వాటితోపాటు ఈ పుస్తకాలు కూడా వేశారు. ఇంట్లో, బడిలో, వీధిలో తమకు జరిగినవి, అమ్మతో కూడా చెప్పుకోలేనివి, చేత్తో రాసి, జిరాక్సు తీసి, పోస్టులో ఒకరికొకరు పంపుకున్నారు. న్యూయార్కులో బార్నర్డ్ అనే ఆడపిల్లల కాలేజీలో 2003 నుంచి ఇలాంటివి కొని, పోగుచేసి, లైబ్రరీలో మామూలు పుస్తకాల్లాగే నంబర్లు వేసి దాస్తున్నారు.

మనకు ఇది బొత్తిగా కొత్తేమీ కాదనిపిస్తుంది. లిఖిత పత్రికలు మనకు తెలియనివా? మా హైస్కూల్లో తెలుగు మాస్టారు ఏటా ఒకటి వేయించేవారు. చేతిరాత బాగున్న పిల్ల అందరివీ తిరగరాసేది, బొమ్మలు వచ్చిన పిల్ల అట్ట వేసేది. నేను మూడేళ్ళు ఇచ్చినా నా కథ ఒక్కసారీ వెయ్యలేదు. అదే తేడా. లిఖిత పత్రికలో మంచివి ఏరి వేస్తారు. ఇందులో ఏరడం ఉండదు. కూర్చున్నవాళ్ళందరికీ తలో పేజీ.

కథలూ కవితలూ సరే, ఇందులో పరిశోధన ఏముంది అనుకుంటున్నారా? నేనూ అలాగే అన్నాను. అప్పుడు మా పిల్ల రెండు సంగతులు చెప్పింది.

1969లో బోస్టను నగరంలో కొందరు స్త్రీలు ఒకచోట చేరి, డాక్టర్ల దగ్గర తమకు ఎదురైన అనుభవాలు చెప్పుకున్నారు. చెప్పుకుంటే తేలిందేమంటే, తమ శరీరం గురించి తమకే ఏమీ తెలియదని. అప్పుడు వాళ్ళే తలో విషయం పంచుకుని, చదివి, అడిగి, తమ అనుభవంతో కలిపి రాసి 1970లో న్యూస్‌ప్రింటు కాగితం మీద అచ్చువేసి పిన్నులు కొట్టారు. 193 పేజీలు, వెల 75 సెంట్లు. అదే తర్వాత పెద్ద పుస్తకమై ఎన్నో భాషల్లోకి వెళ్ళింది. మన తెలుగులో 1991లో హైదరాబాదు నుంచి వచ్చిన 'సవాలక్ష సందేహాలు' కూడా అలా స్త్రీలు పదిమందీ కలిసి స్త్రీల ఆరోగ్యం గురించి వేసుకున్న పుస్తకమే.

రెండోది రాజస్థానుది. నాకు ఇది మరీ నచ్చింది. 1980లలో అక్కడి పల్లెటూరి స్త్రీలు శరీరం గురించి 'శరీర్ కీ జాన్‌కారీ' అనే పుస్తకం చేత్తో రాసి, బొమ్మలు వేసుకుని తయారుచేశారు. అందులో బట్టలు లేని ఆడమనిషి బొమ్మ ఉంది. పల్లెల్లో చూపిస్తే, "ఇదేం విడ్డూరం? మన ఊళ్ళో ఆడది ఎప్పుడైనా ఇలా కనిపిస్తుందా? ఇది అబద్ధం బొమ్మ" అన్నారట. అప్పుడు వాళ్ళేం చేశారనుకున్నారు? నిండా బట్టలు కట్టుకుని, మేలిముసుగు వేసుకున్న ఆడమనిషి బొమ్మ వేసి, ఆమె లంగా ఎత్తితే కింద లోపలి శరీరం కనిపించేలా కాగితం రెక్క అతికించారు. చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఒక్కరు కూర్చుని రాస్తే ఆ ఉపాయం తట్టేదంటారా? తర్వాత ఢిల్లీలో స్త్రీలు నడిపే ప్రచురణ సంస్థ దాన్ని అచ్చువేసినప్పుడు, రచయితలుగా 75 మంది పల్లె స్త్రీల పేర్లూ వేశారు.

అంటే చూడండి, ఫారం పట్టుకొచ్చినవాళ్ళు తమకు కావలసింది అడుగుతారు, మనం జవాబు చెబుతాం. ఈ పుస్తకంలో మాత్రం ప్రశ్న కూడా మనమే వేసుకుంటాం. ఏది అడగాలో వాళ్ళకు తట్టనిది మనకు తడుతుంది.

ఇక పుస్తకం ఎలా చెయ్యాలో చెబుతాను. దగ్గర్లో కాగితం ఉంటే తెచ్చుకోండి. లేకపోతే నిన్నటి పేపరు ముక్కైనా సరే. కాగితాన్ని ముందు నిలువునా సగానికి మడిచి, గోటితో నొక్కి, విప్పండి. ఇప్పుడు అడ్డంగా సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి, అంతా విప్పండి. ఎనిమిది గళ్ళు పడ్డాయి కదా? వరసకు నాలుగు చొప్పున రెండు వరసలు. ఇప్పుడు అడ్డంగా ఒక్కసారి సగానికి మడవండి. ఆ మడత వైపు నుంచి, నడిమి గీత మీదుగా, ఒక గడి పొడవు మాత్రమే కత్తిరించండి. తెరిచి ఉన్న వైపు నుంచి కత్తిరించారో, కాగితం పాడైనట్టే. నేను మొదటిసారి అదే చేశాను. విప్పి చూస్తే కాగితం నడుమ చీలిక కనిపిస్తుంది. దాన్ని మళ్ళీ నిలువునా మడిచి, రెండు కొసలూ రెండు చేతులా పట్టుకుని లోపలికి నెట్టండి. చీలిక నోరు తెరుచుకుని, కాగితం నాలుగు రేకులవుతుంది. వాటిని ఒక పక్కకు తిప్పి సర్దితే అట్టతో కలిపి ఎనిమిది పేజీల పుస్తకం, కుట్టూ పిన్నూ లేకుండా.

రాసేముందు ఒక చిన్న జాగ్రత్త. పుస్తకంగా ఉండగానే పెన్సిలుతో పేజీ నంబర్లు వేసుకుని, తర్వాత విప్పండి. నాలుగు గళ్ళు తలకిందులుగా ఉంటాయి. అలాగే రాయాలి. రాతంతా కాగితానికి ఒక వైపే ఉంటుంది గనక ఒక్క జిరాక్సు తీస్తే ఒక పుస్తకం.

మా వీధిలో మేము ఆరుగురం కూర్చున్నాం. నేనూ, మూడో ఇంటి మామ్మగారూ, ఎదురింటి టీచరుగారూ, కుట్టుమిషను పెట్టుకున్న ఆవిడా, మేడమీది వాళ్ళ కోడలూ, మా ఇళ్ళల్లో పనిచేసే అమ్మాయీ. ఆ అమ్మాయి వచ్చింది కూర్చోవడానికి కాదు, గిన్నెలు తోమడానికి. మా పిల్లే "నువ్వూ రా అక్కా" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. నిజం చెప్పాలంటే పిలవాలన్న ఊహే మాకెవరికీ రాలేదు.

విషయం నీళ్ళు. ఒక్కొక్కరికీ పేజీ కొలతకు కత్తిరించిన చీటీ ఇచ్చి, ఇరవై నిమిషాలు ఎవరితో ఎవరూ మాట్లాడకూడదన్నది మా పిల్ల. ఆరుగురు ఆడవాళ్ళు ఇరవై నిమిషాలు నోరు మూసుకుని కూర్చోవడం మా ఇంట్లో అదే మొదలు! రాయొచ్చు, బొమ్మ వెయ్యొచ్చు, ఏదైనా అతికించొచ్చు. రాయడం రానివాళ్ళు చెబితే పక్కవాళ్ళు ఆ మాట ఆ మాటగానే రాయాలి.

మామ్మగారు మూడు గడియారాలు గీసి, కింద "నాకెలాగూ నిద్ర పట్టదు. నేను లేచి తలుపులు తడతాను గనక వీధి వీధంతా నిద్రపోతుంది" అని రాశారు. టీచరుగారు వారం రోజులు ముందునుంచే నీళ్ళొచ్చిన వేళలు రాసి పెట్టుకున్నారట. 3-10, 2-50, 3-40, ఒకరోజు అసలు లేవు. ఏ రెండు రోజులూ ఒక వేళకు రాలేదు, ఒక్కరోజూ ముప్పావుగంట మించి ఉండలేదు. కుట్టుమిషను ఆవిడ ఒక్క అక్షరం రాయలేదు. నిద్రమత్తులో తప్పు కత్తిరించి, డబ్బు కట్టుకోవలసి వచ్చిన జాకెట్టు గుడ్డముక్క అతికించింది, అంతే. జిరాక్సులో ఆ గుడ్డమీది పువ్వులు నల్లగా ఎంత చక్కగా పడ్డాయో! నేను మోటారు స్విచ్చి గురించి రాశాను. ఇరవై రెండేళ్ళుగా మావారికి ఆ స్విచ్చి ఎక్కడుందో తెలియదు. అది రాసేదాకా నేనూ ఎప్పుడూ లెక్క వేసుకోలేదు. లెక్క వేసుకున్నాక కోపం రాలేదుగానీ, ఆ రాత్రి ఆయన్ని లేపి స్విచ్చి చూపించాను.

మేడమీది కోడలు పిల్ల ముత్యాల్లాంటి అక్షరాలతో పేజీ నిండా రాసి, చదివి వినిపించింది. ఏం రాసిందో ఇక్కడ చెప్పను. మధ్యలో గొంతు పట్టుకుపోయింది. మర్నాడు వచ్చి, "నా చీటీ ఇచ్చెయ్యండి ఆంటీ, చేతిరాత చూస్తే మా ఇంట్లో పోల్చుకుంటారు" అంది. ఇచ్చేశాం. చీటీలు వేరుగా రాసి తర్వాత పెద్ద కాగితం మీద అతికించుకోవడం ఇందుకే మంచిది. ఆ పేజీ ఖాళీగా వదిలేద్దామంటే, చూసినవాళ్ళంతా ఇది ఎవరిదని ఆరా తీస్తారు. మామ్మగారు అక్కడ ఓ చుక్కల ముగ్గు వేసిచ్చారు. ముగ్గు అందానికి వేశామనే అందరూ అనుకున్నారు. మీరు కూర్చున్నా సరే, జిరాక్సుకు పోయేముందు ప్రతివారినీ విడిగా అడగండి. నలుగురిలో అడిగితే "ఫరవాలేదు" అనేస్తారు, మన ఆడవాళ్ళకు మొహమాటం ఎక్కువ.

పనిచేసే అమ్మాయి చెబుతుంటే టీచరుగారు రాశారు. "మీ పంపు కట్టేసినాక మా పంపు ఇడుస్తరు. ఆరింటికి వస్తది. ఆరింటికి నేను మీ అంట్లకాడ ఉంటా. మా పిల్ల నీళ్ళు పడతది, పట్టినాక బడికి పోతది" అని. టీచరుగారు భాష దిద్దుదామన్నారు. వద్దని కాసేపు వాదన. చివరికి ఎవరి మాట వాళ్ళదే ఉంచాం. ఒకే పుస్తకంలో ఒక పేజీలో కుళాయి, ఒకదాంట్లో పంపు, ఒకదాంట్లో నల్లా ఉంటుంది. ఉండనీండి.

భాష సంగతి అలా ఉంచండి. ఆ పేజీ విన్నాక మాకెవరికీ కాసేపు మాట రాలేదు. ఎందుకంటే, మాకు నీళ్ళు మూడింటికి బదులు ఆరింటికి వదలమని అర్జీ అప్పటికే రాసి, సంతకాలు కూడా మొదలుపెట్టాం. ఒకే గొట్టం, ఒకే మనిషి తిప్పే వాల్వు. మాకు ఆరింటికి వస్తే, వాళ్ళ బస్తీకి ఏ ఎనిమిదింటికో తొమ్మిదింటికో వస్తుంది. ఏడో తరగతి చదివే ఆ పిల్ల బడి పోయినట్టే. ఎనిమిదేళ్ళుగా ఆ అమ్మాయి రోజూ మా ఇంటికి వస్తోంది. వాళ్ళ పంపు ఎప్పుడు వస్తుందని నేను ఒక్కనాడూ అడగలేదు. ఆమె చెప్పలేదంటే, నేను అడిగానా మరి?

ఆ అర్జీ చించేశాం. కొత్త అర్జీలో వేళ మార్చమని కాదు, రోజూ ఒకే వేళకు వదలమనీ, ఆ వేళ ముందుగా తెలియజెయ్యమనీ, బస్తీకి పిల్లలు బడికి వెళ్ళేలోపల అందేలా చూడమనీ రాశాం. బస్తీలోనూ సంతకాలు చేశారు. పుస్తకానికి 'మూడింటికి మా వీధి' అని పేరు పెట్టి నలభై కాపీలు తీయించాం. ఎనభై రూపాయలు అయింది. వెనక అట్టమీద నాలుగు గీతలు గీసి "మీ ఇంటి సంగతి ఇక్కడ రాసి మాకివ్వండి" అన్నాం. పదకొండు తిరిగొచ్చాయి. అందులో ఒకటి మగాయన రాసింది, రాత్రి డ్యూటీ నుంచి వచ్చి తనే నీళ్ళు పడతానని.

అర్జీతోపాటు పుస్తకం కూడా ఇస్తే, అక్కడి ఉద్యోగి అర్జీని దస్త్రంలో పెట్టి, పుస్తకం మాత్రం తిరగేసి చదివారు. గుడ్డముక్క పేజీ దగ్గర ఆగి "ఇదేమిటి?" అని అడిగారు. కుట్టుమిషను ఆవిడే చెప్పింది. ఇప్పుడు నీళ్ళు మూడున్నరకు వస్తున్నాయి. మూడున్నర మూడున్నరే, నిద్ర నిద్రగా మిగల్లేదు. కానీ దాదాపు రోజూ అదే వేళకు వస్తున్నాయి గనక అలారం పెట్టుకుంటున్నాం, మామ్మగారు పడుకుంటున్నారు. బస్తీకి అయిదున్నరకు వస్తున్నాయట. పండగల్లో మళ్ళీ తప్పుతోంది, అదీ టీచరుగారు రాసిపెడుతున్నారు.

మీరు మొదలుపెట్టదలిస్తే నీళ్ళే అక్కర్లేదు. పిల్లల ట్యూషన్లు, ఇంట్లో పెద్దవాళ్ళ మందులు, కూరగాయల ధరలు, సాయంత్రం వీధి దీపాలు, ఏదైనా ఒక్కటి. ఒకేసారి నాలుగు పెట్టుకుంటే కబుర్లవుతాయి. ఒక్కరే కూర్చుని రాసుకున్నా మంచిదే, ఎవరికీ చూపించనక్కర్లేదు. మేడమీది కోడలు పిల్ల ఇప్పుడు అలాగే రాసుకుంటోంది. నా దగ్గర కాగితాలు మడవడం నేర్చుకుని వెళ్ళింది.

మేము రెండో పుస్తకం దేనిమీద వెయ్యాలా అని పోయినవారం ఆలోచిస్తుంటే, పనిచేసే అమ్మాయి గిన్నెలు బోర్లిస్తూ, "ఈసారి మా సెలవుల గురించి ఏద్దామా అమ్మా? నెలకు ఏ ఇంట్ల ఎన్ని, జీతం కోసేది ఎవరు, కొయ్యనిది ఎవరు" అంది. టీచరుగారు నా వంక చూశారు, నేను మామ్మగారి వంక చూశాను. సంక్రాంతికి ఆమె ఊరెళ్ళినప్పుడు మూడు రోజులు కోసినదాన్ని నేనే.

శనివారం సాయంత్రం కూర్చుంటున్నాం. చీటీలు కత్తిరించి పెట్టాను.

సెలవు.